మేనేజరు గారి పొగ

కాలరు బొత్తాం పట్టకపోతే మామూలు మనిషి తాను లావెక్కాననుకుంటాడు. లాండ్రీ నడిపేవాడు మాత్రం చొక్కా కుంచించుకుపోయిందనుకుంటాడు. గంజిబాబు కూడా అలాగే అనుకున్నాడు. అద్దం ముందు నిలబడి, ఒక వైపే బిగుసుకుంటున్న కాలరుని పట్టుకు లాగుతూ, నీళ్లు మరీ వేడిగా పెట్టావని లోపలికి కేక వేశాడు. భార్య చేతిలో పని వదిలేసి వచ్చింది. ఆవిడ ఉతికిన బట్ట కుంచించుకుపోయిందనడం ఆవిడ పుట్టింటివాళ్లని తిట్టడంతో సమానం. చొక్కా చూసింది, మెడ చూసింది, మెడ మీద వేలు పెట్టి నొక్కింది.

"చొక్కా బాగానే ఉంది. పెరిగింది మీరే," అంది. "ఇదేదో గడ్డలా తగులుతోంది. రేపే డాక్టరుకి చూపించండి."

గంజిబాబు అసలు పేరు గంజిబాబు కాదు. బట్టలకే కాకుండా మాటకీ నడకకీ కూడా గంజి పెట్టుకుని తిరుగుతాడని వీధి పెట్టిన పేరది. మందు తాగడు, పొగ ముట్టడు, ముట్టినవాళ్లని ఊరికే వదలడు. ఒకసారి బావమరిది నోట్లో వెలుగుతున్న సిగరెట్టుని లాగి, అతని టీ కప్పులోనే ముంచి, ఆ కప్పు అతని చేతికే ఇచ్చాడు. ఆ బావమరిదిని ఇంటా బయటా ఇంజన్ అంటారు. ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇక భార్యకి వీధి పెట్టిన పేరు ముక్కమ్మ. కౌంటరు మీదికి వచ్చిన ప్రతి బట్టనీ ఆవిడ ముందు వాసన చూస్తుంది. నూనె మరకో, పాల మరకో, మందు మరకో తెలిస్తేనే కదా దేన్ని దేంతో వదిలించాలో తెలిసేది. కాలరు, ముంజేతి పట్టీ, చంక, ఈ వరసలో ఆవిడ ముక్కు తిరిగొచ్చేసరికి మరకతో పాటు మనిషి చరిత్ర కూడా బయటపడేది. నడకకని చెప్పి మిఠాయి కొట్టుకి వెళ్లేవాళ్లు, ఆఫీసులో ఆలస్యమైందని చెప్పి ఇంకెక్కడో ఆలస్యమయ్యేవాళ్లు, అందరూ ఆవిడకి తెలుసు. ఎవరి గుట్టూ ఎవరికీ చెప్పలేదు. అందుకే ఆ వీధిలో ఆవిడంటే అంత గౌరవం, అంత భయం.

ఇలాంటి ఆవిడతో ముప్పై ఏళ్లు కాపురం చేసి కూడా గంజిబాబు ఆవిడకి అబద్ధం చెప్పొచ్చనుకున్నాడు. మనిషికి పోయేకాలం వస్తే ముందు తెలివే పోతుందంటారు.

బడులు తెరిచే రోజులవి. కౌంటరు మీద యూనిఫారాలు గుట్టలు పడ్డాయి. అందుకని పరీక్షలకీ, తర్వాత వాటి ఫలితానికీ గంజిబాబు ఒక్కడే వెళ్లాడు. డాక్టరమ్మది చిన్న వయసు, కూతురనుకోదగ్గ పిల్ల. టాన్సిల్‌లో క్యాన్సర్ ఉందనీ, మెడలో గడ్డ దాని పిల్లేననీ చెప్పింది. గంజిబాబు మర్యాదగా ఆవిడ పొరపాటు దిద్దబోయాడు. తాను జన్మలో సిగరెట్టు ముట్టలేదనీ, కాబట్టి ఇది ఇంకెవరిదో అయి ఉంటుందనీ అన్నాడు. ఈ రకానికి సిగరెట్టుతో పనిలేదంది డాక్టరమ్మ. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుందట. అది ఎలా అంటుకుంటుందని అడిగాడు. దగ్గర సంబంధం వల్ల, నోటి ద్వారా కూడా అని ఆవిడ బస్సు నంబరు చెప్పినంత తేలిగ్గా చెప్పింది. గంజిబాబు చెవులు ఎర్రగా కాలిపోయాయి.

డాక్టరమ్మ ఇంకా చాలా చెప్పింది. ఇది దాదాపు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు అంటుకునేదేననీ, ఎక్కువమంది ఒళ్లు దాన్ని వదిలించుకుంటుందనీ, కొందరిలో మాత్రం ఏళ్లూ పూళ్లూ దాక్కుని ఇలా బయటపడుతుందనీ, ఎవరి నుంచి ఎప్పుడు వచ్చిందో ఎవరూ చెప్పలేరనీ, వెతకడం దండగనీ చెప్పింది. వైద్యానికి బాగా లొంగే రకమంది. ఈసారి ఆంటీని కూడా తీసుకురండి, ఆవిడకీ వివరంగా చెబుతానంది. ఆంటీకి ఊపిరి పీల్చుకునే తీరిక కూడా లేదని చెప్పి గంజిబాబు బయటపడ్డాడు.

బస్టాపులో కూర్చుని, డాక్టరమ్మ వద్దన్న పనే మొదలుపెట్టాడు. గంజిబాబు జీవితంలో ఉన్న ఆడది ఒక్కతే, ముక్కమ్మ. ముక్కమ్మ జీవితంలో మాత్రం ఆయన కంటే ముందు ఒకడున్నాడు. ఆవిడకి చిన్న వయసులోనే ఒక పెళ్లయింది. అది నాలుగు రోజుల ముచ్చటగా ముగిసింది. ఆ తర్వాతే గంజిబాబు ఆవిడని చేసుకున్నాడు. చేసుకునే ముందు, పాత సంగతులేవీ నాకు చెప్పక్కర్లేదు, నేనెప్పుడూ అడగను అని మాటిచ్చాడు. తన మాటకి తానే మురిసిపోయాడు కూడా. ఇన్నేళ్లూ దాన్ని తన పెద్దమనసనుకున్నాడు. నిజానికి అది భయం. అడిగితే ఆవిడ చెబుతుందేమోనని భయం.

ఇప్పుడు ఆ మొదటివాడు, మొహం కూడా తెలియని వాడు, వచ్చి బస్టాపు బల్ల మీద గంజిబాబు పక్కనే కూర్చున్నాడు. గంజిబాబుకి ముందు వాడి మీద కోపం వచ్చింది. తర్వాత ఆవిడ మీద వచ్చింది. తర్వాత, ఇంత పాడు ఆలోచన చేసినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ మాట ఇంట్లో చెబితే ఆవిడ కూడా ఇదే లెక్క వేసుకుంటుంది, తన వల్లే మొగుడికి క్యాన్సర్ వచ్చిందని కుమిలిపోతుంది. లేదంటే మొగుడు తిరుగుబోతనుకుంటుంది. ఎటు తిరిగినా కాపురం కుదేలే.

ఇంటికొచ్చేసరికి ఇంజన్ అక్కడే ఉన్నాడు, చెవి మీద సిగరెట్టుతో. క్యాన్సర్ అన్న మాట వినగానే ముక్కమ్మ కుర్చీ అంచున కూలబడింది. ఏ అలవాటూ లేని మీకెందుకొచ్చిందని అడిగింది. గంజిబాబు కళ్లు బావమరిది చెవి మీద ఆగాయి.

"సిగరెట్లు," అన్నాడు.

ఇంజన్ చేతిలో గ్లాసు జారి పడింది. నిప్పు లేనిదే పొగ రాదంటారు. ఈయనగారు నిప్పూ పొగా రెండూ లేకుండానే తగలబెట్టేశాడు. ఎప్పుడు తాగారని ముక్కమ్మ అడిగితే అప్పుడప్పుడూ అన్నాడు. ఎక్కడంటే బయట అన్నాడు. ఆవిడ "ఊఁ" అని లేచి వెళ్లిపోయింది. క్యాన్సర్ అన్నప్పటికంటే ఆ ఊఁ అన్నప్పుడే గంజిబాబుకి ఎక్కువ దడ పుట్టింది.

వార్త చుట్టాల్లో గుప్పుమంది. నిజాన్ని నమ్మించడానికి చెమటోడ్చాలి గానీ అబద్ధానికి సాక్షులు వాళ్లే నడిచొస్తారు. గంజిబాబు అక్కయ్య సంచీ సర్దుకుని వచ్చి, తమ్ముడి పెదాలు చిన్నప్పుడే నల్లగా ఉండేవని అందరికీ చెప్పింది. ఎదురింటాయన, ఆ దగ్గు విన్నప్పుడే నాకు అనుమానం వచ్చిందన్నాడు. గంజిబాబుకి దగ్గే లేదు. ఇంజన్ మాత్రం బావని పక్కకి తీసుకెళ్లి ఏ కంపెనీ తాగేవారని అడిగాడు. నీలం పెట్టె అన్నాడు గంజిబాబు. "నీలం పెట్టా బావా? అది ఆడపిల్లలు తాగేది," అని ఇంజన్ బావురుమన్నాడు. మర్నాటి నుంచి భయంతో సిగరెట్లు మానేశాడు. మానేసిన వాణ్ణి భరించడం తాగేవాణ్ణి భరించడం కంటే కష్టమని ఆ ఇంటికి అప్పుడే తెలిసింది. ఒకప్పుడు బావ చెప్పిన నీతులన్నీ అక్షరం పొల్లుపోకుండా బావకే అప్పజెప్పేవాడు.

ముక్కమ్మ మాత్రం నోరు విప్పలేదు. గంజిబాబు విప్పిన చొక్కాలని అందరి బట్టల్లాగే కౌంటరు మీద పెట్టి వాసన చూసేది. చూసి పక్కన పడేసేది. దొంగకి తేలు కుట్టినట్టు గంజిబాబు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఓరగా చూసేవాడు. ఇలా లాభం లేదనుకున్నాడు. సాక్ష్యం కావాలి. ఓ మధ్యాహ్నం ఆవిడ అన్నానికి వెళ్లినప్పుడు, వీధి చివర బ్యాంకు మేనేజరు గారి మురికిబట్టల మూట విప్పాడు. మేనేజరు గారు పెట్టెలు పెట్టెలు ఊదేసే మనిషి. గంజిబాబు తన చొక్కా ఒకటి ఆ బట్టల మధ్య దూర్చి, మూట గట్టిగా బిగించి, సాయంత్రం దాకా ఊరబెట్టాడు. తర్వాత తీసి ఒంటికి తొడుక్కుని, ఇంటికి వెళ్లి, ఆవిడ ముందే విప్పి, ఆవిడ చేతికందేలా పెట్టాడు. ముప్పై ఏళ్లుగా బట్టల మధ్య బతికిన మనిషి కాబట్టే ఆ ఉపాయం తట్టింది. ముప్పై ఏళ్లుగా ఎవరి పక్కన బతికాడో అది మాత్రం తట్టలేదు.

ముక్కమ్మ కాలరు చూసింది. ముంజేతి పట్టీ చూసింది. మళ్లీ కాలరు చూసింది.

"ఇందులో బ్యాంకు మేనేజరు గారున్నారు," అంది. "ఆయన సిగరెట్టు, దాని మీద ఆయన కొట్టుకునే సెంటు, దాని మీద వాళ్ల కుక్క. మీరు సిగరెట్లు తాగారంటే పోనీ నమ్ముదును. కుక్కని ఎప్పుడు పెంచారు?"

ఆవిడ చొక్కాని మడత పెట్టి ఆయన చేతికే తిరిగిచ్చేసింది. సిగరెట్టు కంటే సిగ్గుమాలింది ఏదో ఉంటే తప్ప మగవాడు సిగరెట్టు చాటున దాక్కోడు. ఆవిడ ఆ మాట పైకి అనలేదు, మొహంలో కనిపించింది. దానికి తోడు, జబ్బు ఆవిడకి అంటుతుందేమోనని గంజిబాబు అప్పటికే తన గ్లాసూ కంచం వేరు చేసుకున్నాడు, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. ఆవిడ బుగ్గ మీద చెయ్యేస్తే పక్కకి జరుగుతున్నాడు. అవన్నీ కలిపి ముక్కమ్మ ఒక్కటే అర్థం చెప్పుకుంది. ఇంకో ఆడది.

ఆ రోజు నుంచి ఆవిడ ఆయనతో కౌంటరు దగ్గర కొత్త గిరాకీతో మాట్లాడినట్టు మాట్లాడింది. మంచినీళ్లడిగితే, ఇప్పుడే ఇస్తామండీ, కాస్త కూర్చోండి అనేది. చొక్కా ఏదంటే, రేపు సాయంత్రం రండి అనేది. ముప్పై ఏళ్ల పెళ్లాం అంత మర్యాద చేస్తే ఏ మగాడైనా హడలి చస్తాడు.

వైద్యం మొదలైంది. గంజిబాబు మొహానికి అచ్చు తీసిన ఒక జల్లెడ తొడుగు వేసి, బల్లకి బిగించి, మెడకి రేడియేషను, జనం భాషలో కరెంటు, పెట్టేవాళ్లు. చర్మం కమిలిపోయింది. నోరు ఎండిపోయింది. నాలుకకి ఉప్పూ తీపీ తేడా పోయింది. చివరికి గొంతు కూడా పోయింది. తమాషా ఏమిటంటే, నిజం చెప్పేద్దామని గంజిబాబు గుండె చిక్కబట్టుకున్న వారంలోనే మాట పూర్తిగా పడిపోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. ముక్కమ్మ రోజూ ఆసుపత్రికి తీసుకెళ్లేది, చల్లటి పాలు చెంచాతో పట్టేది, మెడకి మందు రాసేది. సేవలో లోటు లేదు. కానీ ఆ చేతుల్లో వెనకటి చనువు లేదు. గంజిబాబు ఆ కరెంటుకి తట్టుకున్నాడు గానీ దీనికి తట్టుకోలేకపోయాడు. ఆ తొడుగు కింద కళ్ల నీళ్లు చెవుల్లోకి కారేవి. ఆ జబ్బుతో పోతే పోయాను గానీ, ఈవిడ మనసులో ఒక వెధవగా మిగిలి పోకూడదనుకునేవాడు.

ఒక రోజు కరెంటయ్యాక ఇద్దరూ డాక్టరమ్మ గదిలో కూర్చున్నారు. ముక్కమ్మ ఉన్నట్టుండి అడిగింది.

"అమ్మా, ఈయనకి ఈ జబ్బు సిగరెట్ల వల్లే వచ్చిందా?"

డాక్టరమ్మ గంజిబాబు వైపు చూసింది. చెప్పమంటారా అని అడిగింది. పారిపోవడానికి కాళ్లలో సత్తువ లేదు, కాదనడానికి గొంతు లేదు. గంజిబాబు తలూపాడు. డాక్టరమ్మ మొదట్నుంచీ అంతా చెప్పింది. గ్లాసులూ కంచాలూ వేరు చేయనక్కర్లేదనీ, మంచాలైతే అసలే వద్దనీ కూడా చెప్పింది. ఆడవాళ్లందరూ చేయించుకోవలసిన గర్భసంచీ ముఖద్వారం పరీక్ష మీరూ ఒకసారి చేయించుకోండి ఆంటీ అంది. ముక్కమ్మ అన్నీ విని, సరేనని, ఆ పరీక్షకి అప్పుడే శాంపిలిచ్చి మరీ బయటికొచ్చింది. దాంట్లో ఏ తేడా లేదని తర్వాత తేలింది.

ఇంటికి వెళ్లే బస్సులో జనం లేరు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ మాట్లాడింది.

"మీకు నేను తప్ప ఇంకెవరూ లేరు కదా?"

గంజిబాబు లేరన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"అంటే వాడి దగ్గర్నుంచి నాకూ, నా దగ్గర్నుంచి మీకూ వచ్చిందనుకున్నారు."

ఆయన కదల్లేదు. కదలకపోవడం కూడా జవాబే.

"నేను బాధపడతానని కాదు మీరు దాచింది," అంది ముక్కమ్మ. "మీకు అడిగే ధైర్యం లేక. ఇన్నేళ్లలో ఒక్కసారి అడగలేదు మీరు. అడగడానికి కూడా పనికిరానంత చెడ్డ సంగతా అది అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో మీకు తెలుసా? వాడి నుంచే వచ్చిందేమో, రాలేదేమో. నేనేం చెయ్యాలి ఇప్పుడు, మీకు క్షమాపణ చెప్పుకోవాలా?"

గంజిబాబు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. ఆవిడ లాక్కోలేదు. అలాగని తిరిగి పట్టుకోనూ లేదు. దిగే చోటు వచ్చేదాకా ఆ చెయ్యి గంజిబాబు చేతిలో అద్దెకి తెచ్చిన వస్తువులా ఉండిపోయింది.

వైద్యం ముగిసింది. గడ్డ కరిగిపోయిందని స్కానింగు చెప్పింది. గంజిబాబుకి గొంతు కూడా కొద్దికొద్దిగా, బొంగురుగా, పాత తలుపు కిర్రుమన్నట్టు తిరిగొస్తోంది. ఆ సంతోషంలో ఒక ఆదివారం అక్కయ్య మళ్లీ దిగింది. ఇంజన్ కూడా వచ్చాడు. టీలయ్యాక అక్కయ్య గొంతు సవరించుకుంది. ఇంత గండం గడిచింది కాబట్టి, ఇక ఈ జన్మలో పొగ ముట్టనని తమ్ముడు అందరి ముందూ ఒట్టు పెట్టాలంది. నా మరదలు తల్లిలా చేసింది, వీడి పాపిష్టి అలవాటుకి పాపం ఆ పిల్ల బలైపోయిందని కళ్లొత్తుకుంది. ఇంజన్ బావ చెయ్యి తీసి తన తల మీద పెట్టుకుని ఒట్టుకి సిద్ధమయ్యాడు. గంజిబాబు నోరు తెరిచాడు. చచ్చేదాకా ఈ సిగరెట్టు నా నోట్లోంచి దిగేలా లేదనుకున్నాడు.

"ఆగండి," అంది ముక్కమ్మ. "ఆయన సిగరెట్టు తాగలేదు వదినా. ఆ జబ్బు ముద్దుల వల్ల వచ్చింది."

ముందుగా తేరుకున్నది ఇంజన్.

"ఎవరి ముద్దులక్కా?"

"నావే. ఈ ఇంట్లో ఆయనకి అవి పెట్టేదాన్ని నేనొక్కదాన్నే."

అక్కయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంజన్ మొహం చూడాలి. అయితే ఇన్ని నెలలూ నేను ఊరికే మానేశానా అని వాడు ఆక్రోశించాడు. సిగరెట్టుతో వచ్చే క్యాన్సర్లు వేరే బోలెడున్నాయి, నువ్వు నోరు మూసుకుని కూర్చో అంది ముక్కమ్మ. తర్వాత డాక్టరమ్మ చెప్పినట్టే వైరస్ సంగతంతా వాళ్లకి చెప్పింది. గొంతు వణకలేదు గానీ, టీ గ్లాసు చుట్టూ బిగుసుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. గంజిబాబుకి అవి కనిపించాయి.

అక్కయ్య అన్నీ విని చివరికి అడగకూడనిదే అడిగింది. మెల్లగా, వేలు ముక్కు మీద వేసుకుని అడిగింది.

"మావాడు నిప్పులాంటి వాడమ్మా. మరి నీకెక్కణ్ణుంచి వచ్చినట్టు?"

ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఎవరూ అనని మాట అది. ముక్కమ్మ అక్కయ్య వైపు చూడలేదు. గంజిబాబు వైపు చూసింది.

గంజిబాబు లేచి నిలబడ్డాడు. ఒక్కొక్క మాటా గొంతులో గీరుకుంటూ వచ్చింది.

"దానికి ఎక్కణ్ణుంచి వస్తే ఏంటక్కా. నాకొచ్చింది నా పెళ్లాం దగ్గర్నుంచి. ఇంకెవరి దగ్గర్నుంచైనా వచ్చుంటే అప్పుడు సిగ్గుపడేవాణ్ణి. ఇంకోసారి ఈ ప్రశ్న అడిగితే నువ్వు నా గడప తొక్కక్కర్లేదు."

అక్కయ్య కొంగు దులుపుకుని లేచింది. ఇంజనే ఆవిడ సంచీ పట్టుకుని, బస్సెక్కిస్తానని బయటికి నడిపించాడు.

ఇద్దరే మిగిలారు. ముక్కమ్మ గ్లాసులు తీయడానికి లేవబోయింది. గంజిబాబు ఆవిడ భుజం పట్టుకుని కూర్చోబెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. అక్కయ్యని ఎదిరించడం కంటే ఇదే కష్టమనిపించింది.

"వాడెలాంటి వాడు?" అన్నాడు.

ముక్కమ్మ చాలాసేపు ఆయన మొహంలోకి చూసింది. వెనక్కి తగ్గుతాడేమోనని చూసింది. తగ్గలేదు.

"పొడుగు," అంది. "గురక పెట్టేవాడు. నేను వాడికి నచ్చలేదు. నచ్చలేదని చెప్పకుండా, నేను దగ్గరికొచ్చినప్పుడల్లా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. మొన్న మీరూ అలాగే తిరిగారు."

అప్పుడు ఏడ్చింది. క్యాన్సర్ అని తెలిసిన రోజు కూడా అంతలా ఏడవలేదు. ఆయన తన మెడ మంటని మరిచిపోయి ఆవిడ తలని అక్కడికే లాక్కున్నాడు. చిన్న వయసులో అయిన ఆ పెళ్లి, ఆ ఇల్లు, ఆవిడ ఒక్కతీ బయటికి నడిచొచ్చిన పొద్దు, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చాయి. సాయంత్రం లాండ్రీ తెరవలేదు. బట్టలకొచ్చిన బ్యాంకు మేనేజరు గారు మూసిన తలుపు చూసి వెనక్కి పోయారు. ముక్కమ్మ చెబుతూనే ఉంది, గంజిబాబు వింటూనే ఉన్నాడు. పెద్దమనసు వల్ల కాదు, అక్కయ్య మీద ఖర్చు పెట్టేశాక ఆయన దగ్గర గొంతు మిగల్లేదు. లేకపోతే మధ్యలో ఒక నీతి చెప్పకుండా ఉండగలిగే మనిషా?